మడమ ముందు, వేళ్ళు తరవాత

1. సోమవారం

మా మరిడమ్మ పాసైపోయింది! పచ్చదీపం వెలిగింది. నా కళ్ళతో నేను చూశాను. పోయేటప్పుడు వెలిగింది, వచ్చేటప్పుడూ వెలిగింది! అక్షరాలు వంకరపోతున్నాయి, పోనీ. ఐదో క్లాసు చదివినవాడి రాత ఇంతకంటే బాగుండాలని ఎవరూ అడగరు. ఇవాళ నుంచి జరిగింది జరిగినట్టు రాసిపెడతాను. మా ఇళ్ళలో ఇలాంటి రోజు ఇదివరకు రాలేదు.

మాది కొత్త కడలిపేట. కంచెకి ఇవతల రేకుల ఇళ్ళు మావి. అవతల ఉన్నది తూటాల దిబ్బ. సైన్యం వాళ్ళు అక్కడ ఫిరంగులు పేల్చడం నేర్చుకునేవారు. ఇప్పుడు యుద్ధాలన్నీ ఆకాశంలో మనుషులు లేకుండా జరుగుతున్నాయి కదా, ఆ ఇసుక నేల వాళ్ళకి పనికిరాలేదు. పార్కు చేసి ప్రజలకి ఇచ్చేశారు. 'అందరికీ ప్రవేశం ఉచితం' అని గేటు మీద రాయించారు. అందరిలో మేమూ ఉన్నాం అనుకుని మొదటి రోజు ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళాం. మా అప్ప, అంటే మా అక్క, ఎర్రమ్మ పిల్లలిద్దరూ నీలంగా తిరిగొచ్చారు.

అది కళ్ళకర్రల పని. కంచె పొడుగునా, పార్కు లోపలా పాతిన ఇనప స్తంభాలు అవి. మొహం చూడవు, కార్డు చూడవు, మనిషి నడక చూస్తాయి. మొహానికి ముసుగేసుకోవచ్చు, కార్డు దొంగిలించవచ్చు, నడక మాత్రం ఎవడూ మార్చుకోలేడని ఎవరో పెద్ద చదువుల వాళ్ళు కనిపెట్టారట. సైన్యం వెళ్ళిపోతూ వాటిని అలాగే వదిలేసింది. మా నడక వాటికి గిట్టదు. మాది మునివేళ్ళ నడక. ముందు బొటనవేలు ఆనించాలి, ఇసుక కింద ఏముందో అది చెప్పాలి, అది సరేనన్నాక మడమ దించాలి. పేలుళ్ళు ఆగిన సాయంత్రాలు మా వాళ్ళు కంచె కింద దూరి, పేలిన గుళ్ళ ఇత్తడి తొడుగులు ఏరి అమ్ముకుని బతికారు. పేలని గుండు మీద మడమతో బరువు వేస్తే మనిషి మిగలడు. అందుకే పిల్లలు నడక నేర్చేటప్పుడు మడమ ముందు పడితే పిక్క మీద చింతబరికెతో ఒకటి తగిలించేవారు. నేనూ తిన్నాను. మరిడికి నేనే వేశాను. ఇప్పుడు ఏరడానికి ఇత్తడి లేదు గానీ కాళ్ళు మరవలేదు. పెళ్ళి ఊరేగింపులో అలాగే నడుస్తాం, పాడె వెనకా అలాగే నడుస్తాం. కళ్ళకర్రలకి సైన్యం నేర్పింది మాత్రం ఒక్కటే: వేలు ముందు పడినవాడు దొంగ.

అప్పట్లో అవి కాల్చేవి. మా తమ్ముడు కన్నయ్యని అలాగే కాల్చాయి. ఇప్పుడు పిల్లలు తిరిగే చోటు గనక తూటాలు తీసేసి నీలిమందు నింపారు. ఒంటి మీద పడితే నెల దాకా వదలదు. మారింది కదా కాలం!

ఆ కర్రల ముందు నా కూతురు ఇవాళ మడమ ముందు, వేళ్ళు తరవాత వేస్తూ, పట్నం పిల్లలాగా టకటకా నడిచి వెళ్ళింది. ఏడాది నేర్చుకుంది. పార్కులో జనానికి దారి చూపించే ఉద్యోగం ఇచ్చారు. గేటు బయట మా బావ గురువులు, అంటే మా ఆవిడ అన్నయ్య, ఊరుకుంటాడా?

"ఒలే మరిడీ, అదేటే ఆ నడక? బాతు గుడ్డెట్టడానికి ఎల్తన్నట్టుంది!"

"బాతుకి ఉద్యోగమొచ్చీసింది మావా. నీకేటొచ్చింది?"

అందరం నవ్వాం. నేనైతే ఏడ్చాను కూడా.

2. శుక్రవారం

క్యారేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. లోపలికి రానివ్వరు గనక కంచె పక్కన నిలబడి చూశాను. ఎండ తిరిగాక గాని జనం రారు. పగలంతా బయట తిరిగితే ఉడికిపోయే రోజులాయె. సాయంత్రం అయ్యేసరికి బళ్ళ మీద బళ్ళు!

ఎంత బాగుందో! సిపాయిలు కవాతు చేసిన సిమెంటు మైదానం మీద పిల్లలు చక్రాల బూట్లేసుకుని జారుతున్నారు. బాంబులు పడిన గోతుల్లో నీళ్ళు నింపి తొక్కుడు పడవలు వదిలారు. మందుగుండు దాచిన గదుల మీద పచ్చిక పెంచి గుడారాలు వేసుకున్నారు. కాపలా బురుజు మీద నుంచి దిబ్బ దాకా తాడు కట్టి, నడుముకి పటకా బిగించి, మనుషుల్ని గాల్లో జారుస్తున్నారు. జారేవాళ్ళు కెవ్వుమని కేకలు. ఆ బురుజు కింద కేకలు నేను ఇదివరకూ విన్నాను. నవ్వుతూ పెట్టే కేకలు వినడం మాత్రం ఇదే.

మరిడి టోపీ పెట్టుకుని, బూట్లేసుకుని, ఇరవై మందిని వెనకేసుకుని వచ్చింది. ఆకుపచ్చ చొక్కాలో నా కూతురు ఎవరో దొరసానిలా ఉంది. కంచె సందులోంచి క్యారేజీ అందించాను.

"అయ్యా, అలా కంచె మీద పడిపోకు. కర్ర సూత్తంది."

"నాను నిలబడ్డాను, నడవనేదు గదే."

"నిలబడ్డోడు ఎప్పుడో ఒకప్పుడు నడుత్తాడని దానికి తెలుసు." నవ్వి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడ సన్యాసమ్మకి అన్నీ వర్ణించి చెప్పాను. మనవరాలు, అంటే మరిడి కూతురు, నూకాలుని చంక మార్చుకుంటూ వింది. అంతా విని, "పడవలెట్టిన గొయ్యి మీ పెద్దనాన్న గాడిపొయ్యి ఉన్న సోటేనా?" అంది. అంత సంతోషంలో ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. 

3. మంగళవారం

చిన్న చిక్కు వచ్చింది. పెద్దదేం కాదు. మరిడి పొద్దున్నే డ్యూటీకి వెళ్తుంటే కర్ర మీద పసుపుదీపం వెలిగింది. వారం తిరక్కుండా రెండోసారి. మూడోసారి పసుపు పడితే తరవాత ఎర్రదీపమే. ఎర్రదీపం పడినవాళ్ళకి ఆ గేటు ఈ జన్మకి తెరుచుకోదు.

పార్కు ఆఫీసరు హిమజ గారు నన్ను పిలిపించారు. మా మరిడి ఈడుదే. కుర్చీ వేయించి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి మరీ మాట్లాడింది. చాలా మంచి మనిషి.

"కొర్లయ్య గారూ, మీ అమ్మాయి పని బంగారం. సాయంత్రం వెళ్ళేటప్పుడు నడక చక్కగా ఉంటోంది. ఇంట్లో పడుకుని పొద్దున్న వచ్చేసరికి చెడిపోతోంది."

"ఇంట్లో ఏం చేస్తుందమ్మా, అన్నం తిని పడుకుంటుంది."

"మీరందరూ వేళ్ళ మీద నడుస్తారు కదా. యాస అంటుకున్నట్టే నడకా అంటుకుంటుంది. తనకి తెలియకుండానే."

"ఆ కర్రలకే చెప్పొచ్చు గదమ్మా, మేం దొంగలం కాదని?"

ఆవిడ మొహం నిజంగానే చిన్నబోయింది. "కొత్త నడకలు కలపగలం, పాతవి తుడవలేం. వాటిని తయారుచేసిన వాళ్ళు ఇప్పుడు లేరు. విప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. వాటిని ఆపేస్తే పార్కుకే అనుమతి పోతుంది. ఇంట్లో మీరు కాస్త మారితే సులువు కదండీ."

యంత్రం కంటే మేం మారడం సులువు. ఆవిడ ఆ మాట మంచికే అంది. తల ఊపి వచ్చేశాను.

4. ఆదివారం

ఉపాయం తట్టింది! పూర్వం మడమ ముందు పడితే బరికెతో కొట్టేవాళ్ళం. ఇప్పుడు మడమ ముందు పడితే మెచ్చుకోవాలి, అంతే కదా తేడా! సంతలో ఎద్దుల గజ్జెలు కొని, రబ్బరు చెప్పుల మడమల్లో కూర్చి కుట్టాను. మరిడికి ఒక జత, నాకు ఒక జత. మడమ గట్టిగా పడితే ఘల్లుమంటుంది. వేలు ముందు పడితే మోగదు. ఇక మోగకపోతే ఎవరో ఒకరు "వేలూ!" అని అరవాలి.

సన్యాసమ్మకి చెప్పులు కుట్టలేదు. ఆవిడకి అక్కర్లేదు. పెళ్ళైన ఏడే ఇసుకలో చిన్న మందుగొట్టం ఒకటి పేలి రెండు కాళ్ళ వేళ్ళూ తీసుకుపోయింది. వేలు ముందు ఆనించింది గనక వేళ్ళతో సరిపోయింది. అప్పటి నుంచి మడమల మీదే బరువంతా వేసి, గోడ పట్టుకుని నడుస్తుంది.

పొద్దున్న నుంచి ఇంట్లో ఘల్లు ఘల్లు! నూకాలు చప్పట్లు కొట్టి ఒకటే నవ్వు. వీధిలోంచి గురువులు బావ తొంగిచూశాడు.

"బావా, ఎద్దుల్ని కొన్నావేటి?"

"నడక నేరుసుకుంటన్నాం బావా."

"ఈ వయసులోనా? దానికంటే ఆ కర్ర దగ్గరకెల్లి పొర్లుదండాలు ఎట్టు. పొర్లినోడికి నడక ఉండదు గదా!"

మరిడి పకపకా నవ్వింది. నవ్వుతూ నీళ్ళ బిందె దించడానికి నాలుగడుగులు వేసింది. గజ్జె మోగలేదు. అందరం ఒక్కసారి ఆగిపోయాం. "వేలూ!" అని నేనే అరిచాను. దాని మొహంలో నవ్వు ఆరిపోయింది. చిన్నప్పుడు బరికె పడ్డప్పుడు చూసినట్టే చూసింది నన్ను.

అయినా పరవాలేదు. అన్నీ నేర్చుకుంటేనే వస్తాయి.

5. గురువారం

మొన్న తుపాను గాలికి దిబ్బలు కదిలాయి. నిన్న సాయంత్రం మరిడి ఇంటికి నీలంగా వచ్చింది. జుట్టు, మొహం, కనురెప్పలు, పళ్ళు కూడా. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. నూకాలు తల్లిని పోల్చుకోలేక గుక్కపెట్టింది.

"ఏటయ్యిందే?" అన్నాను.

"డబ్బా అయ్యా."

"ఏం డబ్బా?"

"కూల్‌డ్రింకు డబ్బా. తాగీసి ఇసకలో పారీసినారు ఎవులో."

మెల్లిగా చెప్పింది. ఇరవై మందిని సముద్రం వైపు దారిలో తీసుకెళ్తోందట. గాలికి దారి మీద ఇసుక మేట వేసింది. బూటు అడుగున ఏదో గుండ్రంగా, గట్టిగా తగిలింది. అంతే, ఆలోచన కంటే ముందు కాలు వేళ్ళ మీదకి లేచిపోయింది. వెనకాల వాళ్ళని చేత్తో ఆపేసింది. బూటు విప్పేసింది. మా అమ్మా, అమ్మమ్మా చేసినట్టు బొటనవేలితో ఇసుక తడుముతూ, ఊపిరి బిగబట్టి, ఒక్కో అడుగే వేసి, కూర్చుని, చేత్తో తవ్వింది. డబ్బా బయటపడింది. అప్పుడే కర్ర చిమ్మింది.

"ఆళ్ళేటన్నారు?" అంది సన్యాసమ్మ.

"ఆట అనుకున్నారమ్మా. సూపించడానికి సేత్తన్నాననుకున్నారు. సప్పట్లు కొట్టినారు. ఒక గుంటడు, 'ఆంటీ, ఇంకోసారి చేయరా' అన్నాడు."

సన్యాసమ్మ కొబ్బరినూనె పట్టుకొచ్చి దాని మొహం రుద్దుతూ కూర్చుంది. నీలం వదలదని ఇద్దరికీ తెలుసు. అయినా రుద్దుతూనే ఉంది.

అది పేలని గుండే అయ్యుంటే? నేను ఆ మాట పైకి అన్నాను. "అయితే ఇరవై మంది బతికీవోళ్ళు, నాను అప్పుడూ నీలమే అయ్యీదాన్ని" అంది మరిడి. అని, "డబ్బా గనక నవ్వు వత్తంది అయ్యా. అదే నొప్పి" అంది.

6. శనివారం

హిమజ గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు! మా రేకుల ఇంటికి ఆఫీసరు రావడం! పీట వేశాను, పానకం ఇచ్చాను. ఆవిడ మరిడి మొహం చూడలేక పానకం గ్లాసులోకి చూస్తూ మాట్లాడింది.

మూడో పసుపు పడలేదట. నేరుగా ఎర్రదీపం పడాల్సిందట. పై అధికారులతో మాట్లాడి ఆవిడే ఆపించింది. ఒక్క అవకాశం ఇచ్చారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరూ కర్ర ముందు నడిచి పాసైతే, ఈ ఇంటి నడక మారినట్టు లెక్క. అప్పుడు మరిడి ఉద్యోగం ఉంటుంది, ఇక రోజూ పరీక్ష ఉండదు. ఒక్కరు తప్పినా అంతే. అల్లుడు దాసు ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీలోనే పడుకుంటాడు గనక లెక్కలోకి రాడు. అంటే నేనూ, సన్యాసమ్మా.

"నువ్వెల్తావేటి?" అన్నాను సన్యాసమ్మతో, ఆఫీసరు వెళ్ళాక.

"నాకేటి భయం? నా వేళ్ళు ఆళ్ళకాడే ఉన్నాయి గదా. నానెందుకు పాసవ్వను?"

మరిడి లేచి బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గజ్జె ప్రతి అడుగుకీ మోగింది.

7. బుధవారం

పాస్! పాస్! ఇద్దరం పాస్! ఇంత విచిత్రం ఎక్కడా జరిగి ఉండదు, వరసగా రాస్తాను.

పేటంతా గేటు బయట గుమిగూడింది. ముందు సన్యాసమ్మ నడిచింది. గోడ లేదు గనక చేతులు రెండూ చాపి, మడమల మీద తూలుతూ, అటూ ఇటూ చూడకుండా వెళ్ళింది. మొదటి కర్ర దాటకముందే పచ్చదీపం. ఇంత తొందరగా ఎవరికీ రాలేదని హిమజ గారు ఆశ్చర్యపోయారు. కారణం ఆవిడకి చెప్పలేదు. సన్యాసమ్మ కాళ్ళకి మేజోళ్ళు ఉన్నాయి.

తరవాత నా వంతు. గజ్జెల చెప్పులు విప్పించేశారు, ఉత్త చెప్పులతో నడవాలి. గజ్జె మోగితేనే అడుగు అని నేర్చుకున్నవాణ్ణి కదా, మోగదేమోనన్న భయంతో మడమ నేలకేసి కొట్టాను. దబ్, దబ్, దబ్. మెడ నిటారుగా పెట్టి నడిచాను. పచ్చదీపం రాలేదు. పసుపూ రాలేదు. తెల్లదీపం వెలిగింది! దాన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కర్రలోంచి బొంగురు గొంతు ఒకటి పలికింది:

"రామ్ రామ్, సాబ్!"

వెంటనే పక్క కర్ర, దాని పక్క కర్ర, వరసగా అన్నీ తెల్లబడ్డాయి. గేటు తెరుచుకుంది. మూసేసిన ఫిరంగుల గోదాము తలుపు కూడా ఎక్కడో దూరంగా కిర్రుమని తెరుచుకుందట. హిమజ గారు పరిగెత్తుకొచ్చి కారణం చెప్పారు. సైనికుల కవాతు నడక దాని జ్ఞాపకంలో ఇంకా ఉందట. నన్ను రిటైరైన సుబేదారు అనుకుంది!

గురువులు బావ కంచె అవతల నుంచి అరిచాడు: "బావా, పనిలో పని ఫించను కూడా అడిగీ!"

జనం విరగబడి నవ్వారు. నేను కర్రకేసి చూశాను. సరుగుడు తోపు పక్కన వంగి ఉన్న కర్ర. కన్నయ్య పడిపోయింది దాని ముందే. దాని కంటిలో తెల్లదీపం చల్లగా, మర్యాదగా వెలుగుతోంది. నా కుడిచెయ్యి దానంతట అదే నుదుటి దాకా లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలీదు. దించేసరికి సన్యాసమ్మ నన్నే చూస్తోంది.

ఏదైతేనేం, మరిడి ఉద్యోగం నిలబడింది. అది ముఖ్యం. ఇంటికి వచ్చి బెల్లం పంచాను.

8. ఆదివారం

ఇవాళ మొదటిసారి పార్కు లోపలికి వెళ్ళాను! హిమజ గారు పాసు ఇచ్చారు. నెల కావస్తున్నా మరిడికి ఇంకా చెవుల వెనక కొంచెం నీలం ఉంది గానీ టోపీ కిందకి లాక్కుంటే కనపడదు. గుంపులో ఒకడిగా నేనూ దాని వెనకాలే నడిచాను. మడమ ముందు, వేళ్ళు తరవాత.

పడవ ఎక్కాను. గాలిపటాలు చూశాను. ఐసు పెట్టిన చెరకురసం తాగాను. పట్నం నుంచి వచ్చిన ఒకాయన నాతో భుజం కలిపి ఫొటో తీయించుకున్నాడు. ఎంత మర్యాద!

దిబ్బ మీద పెద్ద బల్లలూ, నీడకి గుడ్డ పందిరీ వేసి ఉన్న చోట మరిడి ఆగింది. సముద్రం అక్కడి నుంచి ఎలా కనిపించాలో అలాగే కనిపించింది.  సైన్యం కంచె ముందుకి జరిపి మమ్మల్ని వెళ్ళగొట్టేదాకా మా పేట అదే. పాత కడలిపేట. మా గుమ్మంలోంచి ఆ రెండు రాళ్ళూ, మధ్యలో నీళ్ళూ అలాగే కనిపించేవి.

మరిడి గొంతు సవరించుకుంది. "ఈ ప్రాంతం సహజమైన ఇసుక దిబ్బ. సైనిక స్థావరం ఏర్పడక ముందు ఇక్కడ జనావాసం లేదు. అరుదైన సముద్రపు తాబేళ్ళు మాత్రం గుడ్లు పెట్టడానికి వచ్చేవి. దయచేసి చెత్త పారవేయకండి."

ఎంత స్పష్టంగా చెప్పింది! ఒక్క యాస ముక్క లేదు. అందరూ తలలు ఊపారు. ఫొటో తీయించుకున్నాయన నన్ను అడిగాడు, "తాబేళ్ళు ఇప్పటికీ వస్తాయా అండీ?" అని. "ఏమో బాబూ, నేను కొత్త" అన్నాను.

చెప్పులు విప్పేసి ఒక్కసారి బొటనవేలు ఆనిస్తే చాలు అనిపించింది. ఇసుక ఎంత పేరుకున్నా, మా పొయ్యి రాళ్ళు ఎక్కడున్నాయో, నూతి వర ఎక్కడుందో నా వేలికి తెలుస్తుంది. ఎదురుగా కర్ర ఉంది. అప్పుడే నన్ను చూసి తెల్లగా వెలిగింది కూడా. మడమతో నాలుగు అడుగులు అటూ ఇటూ వేసి చూశాను. మడమకి ఏమీ తెలియదు. ఇసుక ఇసుకలాగే ఉంది.

గుంపు ముందుకి కదిలాక మరిడి వెనకబడి నా పక్కకి వచ్చింది.

"అయ్యా, అదంతా ఆళ్ళు రాసిచ్చింది. పాఠంలాగ అప్పజెప్పీడమే."

"బాగా సెప్పినావమ్మా."

"కోపమొచ్చిందేటి?"

"నేదమ్మా. మనిల్లు ఆ బల్ల కిందా, ఈ బల్ల కిందా అని సూత్తన్నాను, అంతే."

అది టోపీ ఇంకాస్త కిందకి లాక్కుని గుంపు ముందుకి పరిగెత్తింది. పరుగు కూడా మడమ మీదే. ఎంత బాగా వచ్చేసిందో!

ఇంటికొచ్చాక సన్యాసమ్మ ఏం చూశావని అడగలేదు. 

9. సోమవారం

నూకాలు నడిచింది! నా మనవరాలు నడిచింది! ఇందాకే, సంజె వేళ, అందరం ఇంట్లో ఉండగా!

స్తంభం పట్టుకుని నిలబడింది. వదిలేసింది. మరిడి గభాలున చేతులు చాపి, తాకకుండా ఆగిపోయింది.  పిల్ల మొదటి అడుగు వేస్తుంటే ఎవరైనా మొహం చూస్తారు. మేం ముగ్గురం దాని కాళ్ళకేసి చూశాం.

మడమ! మడమే ముందు! చేతులు రెండూ చాపి, పొట్ట ముందుకి పెట్టి, మడమల మీద తూలుతూ దబ్ దబ్ మని ఐదారు అడుగులు వేసి వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో పడింది. దీనికి గజ్జెలు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు! ఏ కర్రా దీన్ని ఆపదు! పడవలెక్కుతుంది, తాడు మీద జారుతుంది, చక్రాల బూట్లు తొడుగుతుంది, నీలం అంటే దీనికి ఆకాశమే! మరిడి పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నేను ఏడుస్తూ నవ్వాను.

సన్యాసమ్మ నవ్వలేదు. పిల్ల కాళ్ళు రెండూ తన అరచేతుల్లోకి తీసుకుంది. ఒక్కో వేలూ పట్టుకుని చూసింది. పదీ ఉన్నాయి, లేతగా, మినప్పప్పు బద్దల్లాంటి గోళ్ళతో.

"రోజంతా నా ఎనకే తిరిగింది గదా" అంది. "నన్ను సూసే నేరుసుకుంది. వేళ్ళున్న పిల్ల, వేళ్ళు లేనట్టు నడుత్తంది."

"శుభమా అని పిల్ల నడిత్తే అలాగనకే" అన్నాను.

"అననేదు. సెప్పు, పోయి అందరికీ సెప్పు. మంచిదే గదా."

మంచిదే. చాలా మంచిది. ఈ కబురు అందాల్సిన వాళ్ళని మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

అల్లుడు దాసు. ముందు వాడికి. ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొస్తాడు, వచ్చేటప్పుడు గేటు పక్క దారిలో రావొద్దని కూడా చెప్పాలి. వాడి నడక ఇంకా పాతదే.

వియ్యపురాలు అచ్చియ్యమ్మ. పిల్ల ఇంకా నడవలేదేమని రోజూ అడుగుతోంది. ఎలా నడిచిందో అడగదు, నేనూ చెప్పను.

గురువులు బావ. వీధిలోంచే అరిచి చెప్పేసి, ఆయన నోరు తెరిచేలోపు వచ్చెయ్యాలి.

అప్ప ఎర్రమ్మ. ఒక్కదాన్నే పక్కకి పిలిచి చెప్పాలి. ఆ పిల్లలిద్దరూ వినకూడదు.

తమ్ముడు కన్నయ్య. సరుగుడు తోపు దగ్గర, ఆదివారం గుంపుతో వెళ్ళినప్పుడు. పైకి కాదు.

పిన్నమ్మ సూరమ్మ. ఈవిడకి పిల్లని తీసుకెళ్ళే ముందే చెప్పి ఉంచాలి. చూపు పోయి చాలా ఏళ్ళయింది, అడుగుల చప్పుడుతోనే మా వాళ్ళందర్నీ పోల్చుకుంటుంది. చెప్పకపోతే, నూకాలు గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఎవులమ్మా, ఏ ఊరు పిల్లవి? దారి తప్పొచ్చీసినావేటి?" అంటుంది.